వెనక కాళ్ళ కింద చెక్క

నమోదు 1

మా కుర్చీల వెనక కాళ్ళ కింద చెక్కలు పెట్టారు.

ఎవరు పెట్టారో మీకు తెలుసు కాబట్టి అడగను. ఎందుకు పెట్టారో మాత్రం అడుగుతాను. సినిమా చూశాక చూపరి తన మాటల్లో నమోదు రాయాలని రూలు పెట్టింది సినిమాలకి ముద్ర వేసే మీ వర్గ మండలే కదా. ఇన్నాళ్ళూ "చూశాను, తల నొప్పి లేదు" అని రెండు ముక్కలు గీకి పడేశాను. మీరూ చదివి ఉండరు. ఈసారి పూర్తిగా రాస్తున్నాను. చదవండి.

ఈ వారం హాలు ఊడ్చే వంతు నాది. మూడో వరసలో చీపురు దేనికో తగిలి ఆగింది. వంగి చూశాను. వెనక కాలు కింద బొటనవేలంత మందం చెక్క. కుర్చీకి వేసిన రంగే దానికీ వేశారు. వాసన ఇంకా పోలేదు. పక్క కుర్చీ కింద చూశాను, ఉంది. దాని పక్కదాని కింద, ఉంది. చీపురు పారేసి హాలంతా మోకాళ్ళ మీద పాకాను. ఒక్క కుర్చీ వదల్లేదు మహానుభావులు. ముందు కాళ్ళ కింద మాత్రం ఏమీ లేదు.

మీ మండలిలో కొత్తవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం చెబుతున్నాను. మా కుర్చీ కాళ్ళలో తూకం ఉంటుంది. మగ్గం అని మనం పిలిచే యంత్రం అల్లిన ప్రతి సినిమా ముందు మేం చూడాలి. మా బరువు ముందు కాళ్ళ మీదికి వస్తే థ్రిల్లర్. పసుపు ముద్ర పడుతుంది, ఊళ్ళో అన్ని ఇళ్ళ గోడల మీదా ఆడుతుంది. బరువు వెనక కాళ్ళ మీదికి పోతే హారర్. నల్ల ముద్ర పడుతుంది, ఇళ్ళలోకి పోదు. కావాలనుకున్నవాళ్ళు తోడు తెచ్చుకుని చీకటి హాలుకు వెళ్ళి చూస్తారు. ఇంట్లో గోడ మీద హారర్ వేసిన రోజుల్లో ఏమైందో మా పెద్దవాళ్ళు చెబుతారు. సినిమా అయిపోయాక కూడా ఆ గదుల్లో మళ్ళీ ఎవరూ ఉండలేకపోయారు. చుట్టూ నీళ్ళు, ఈ మేడల గోడల మధ్యే కదా మన బతుకు, గది వదిలి ఎక్కడికి పోతారు?

థ్రిల్లరుకీ హారరుకీ గీత ఎక్కడ పడుతుందని మీరు సభలు పెట్టి మాట్లాడతారట. రక్తం చూడాలంటారు, దెయ్యం చూడాలంటారు. మీరొచ్చి మా వరసలో కూర్చుంటే ఆ సభలు అక్కర్లేదు. పోయినేడు ఒక సినిమాలో పడవలో ఉన్నవాళ్ళందరినీ ఎవడో చంపుకుంటూ పోయాడు. తెర ఎర్రగా అయిపోయింది. మేం వేయించిన నెత్తళ్ళ చేపలు నములుతూ "వంటోడే", "కాదు, ఆ మూగోడే" అని పందేలు కాసుకుంటూ చూశాం. పసుపు ముద్ర. ఇంకో సినిమాలో ఒక్క చావు లేదు. తండ్రి కూతురికి తల దువ్వుతుంటాడు. దువ్వుతూనే ఉంటాడు. ఆ పిల్ల అద్దంలోకి చూడదు. హాల్లో కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమని వెనక్కి ఒరిగాయి. నల్ల ముద్ర.

చూపరులం జంటలుగా కూర్చోవాలి; నా జంట, పక్క కుర్చీ దాలమ్మత్తది. నాకు పని నేర్పింది ఆమే. మొదటి రోజే చెప్పింది.

"ఓలే పైడీ, దొంగెక్కడున్నాడో తెలవకపోతే థ్రిల్లరు. ఎక్కడున్నాడో తెలిసిపోతే హారరు. ఇంకేటీ నేదు. మిగతాదంతా సదువుకున్నోళ్ళు పొద్దుపోక సెప్పే కబుర్లు."

"తెలిస్తే భయమెందుకత్తా?"

"ఎనకాలే ఉన్నాడని తెలిస్తే?"

అంతే. థ్రిల్లర్లో భయం ఎదురుగా ఉంటుంది, చూడాలని ఒళ్ళు ముందుకు వంగుతుంది. హారర్లో ఒళ్ళు ముందు వీపుని దాచుకోవాలని చూస్తుంది. దాచుకోడానికి కుర్చీకి ఒక వెన్నుబల్ల ఉండాలి. చెక్క పెట్టి కుర్చీని ముందుకు వంచేస్తే ఎంత భయం వేసినా వీపు దానికి ఆనదు. తూకం 'ముందుకే' అంటుంది. మీరు పసుపు ముద్ర కొట్టుకుంటారు.

అలా కొట్టిన సినిమా పేరు 'వెనక వాటా'.

నమోదు 2

'వెనక వాటా' చూసిన రోజు సంగతి.

కథ మీకు తెలిసే ఉంటుంది, అయినా రాస్తాను. ఒకావిడ ఒంటరిగా ఒక ఇంట్లో ఉంటుంది. వెనక వాటాలో ఎవరో ఉంటారు. గిన్నెల చప్పుడు, దగ్గు, తలుపు గడియ వేసిన చప్పుడు వినబడుతుంటాయి. ఈవిడ ఏదైనా వండితే ఒక గిన్నెలో పెట్టి వెనక గుమ్మం దగ్గర ఉంచుతుంది. కాసేపటికి కడిగిన గిన్నె అక్కడ ఉంటుంది. సగం సినిమా దాకా మేం ముందుకు వంగే ఉన్నాం, అబద్ధమెందుకు. ఎవరా మనిషి, ఎప్పుడు కనబడతాడు అని. తరవాత ఒక రోజు ఆవిడ బట్టలు ఆరేయడానికి ఇంటి చుట్టూ తిరిగి వెనక్కి వెళ్తుంది. అక్కడ వాటా లేదు. గుమ్మం లేదు. ఉప్పు పూసిన ఉత్త గోడ ఉంది. ఆవిడ ఆ గోడని చూస్తుంది. అరవదు, ఎవరినీ పిలవదు. బట్టలు ఆరేసి, లోపలికి వచ్చి, గిన్నెలో అన్నం పెడుతుంది.

అక్కడ నా ఒళ్ళు వెనక్కి పోయింది. పోయిందనే అనుకున్నాను. వీపుకి వెన్నుబల్ల తగల్లేదు. ఇంకొంచెం ఒరిగాను, తగల్లేదు. కుర్చీ నన్ను ముందుకి తోస్తూనే ఉంది. వీపుకీ బల్లకీ మధ్య సందులో చల్లగా గాలి ఆడుతోంది. నేను సన్నబడ్డానేమో అనుకున్నాను, చూడండి నా తెలివి.

అప్పుడే దాలమ్మత్త మెల్లగా "రా" అంది.

నేను పట్టించుకోలేదు. ఆమె ఎప్పుడూ తెరతో మాట్లాడుతూనే ఉంటుంది. "అటెల్లకే తింగరిదానా", "ఆడి మొకం సూడు, ఆడే సంపినాడు" అని. ఆ గోలకి ముందు వరసవాళ్ళు తిట్టని రోజు లేదు.

ఇక్కడ మా అలవాటొకటి చెప్పాలి. ఇది మీ రూలు కాదు, మాది. సినిమా అయిపోయి దీపాలు వెలిగేలోపు, జంటలో ఒకరు రెండోవారి వీపు తట్టి "నానే" అంటారు. రెండోవారు "రా" అంటారు. అప్పుడు ఇద్దరూ కలిసి లేస్తారు. వెనక ఉన్నది ఎవరో చెప్పుకోకుండా ఎవరూ తల తిప్పరు. ఎప్పటినుంచి ఉందో తెలీదు, మా ముందువాళ్ళూ చేశారు. వీపు మీద చెయ్యి పడితే మా నోరు దానంతటదే "రా" అనేస్తుంది. నిద్రలో తట్టినా అంటాం.

సినిమా అయిపోయింది. చెయ్యి చాచి అత్త వీపు తట్టి "నానే" అన్నాను.

ఆమె "రా" అనలేదు. తల తిప్పి నా చేతికేసి చూసింది.

"ఇందాకే తట్టినావు గదే."

"ఇప్పుడే గదత్తా తట్టింది."

"రెండుపాల్లు తట్టినావా అయితే? మరీ అంత బయమైపోనాదేటి, గుంటా?" అని నవ్వింది.

నేనూ నవ్వాను. నా రెండు చేతులూ సినిమా అంతసేపూ ఒళ్ళో ఉన్న నెత్తళ్ళ డబ్బా మీదే ఉన్నాయని బయటికి వచ్చాక గుర్తొచ్చింది.

పసుపు ముద్ర పడింది. పసుపు పడితే తేరుకునే గదికి తాళమే. ఆ గది మీలో ఎవరైనా చూశారా? ఒక గోడలో వేడినీళ్ళ గొట్టం వెళ్తుంది. నల్ల ముద్ర పడ్డ రోజు ఆ వెచ్చటి గోడకి వీపు ఆనించి కూర్చుంటాం. జంట ఎదురుగా కూర్చుంటుంది. వీపు 'చాలు' అనేదాకా లేవం. ఆ తల దువ్వే సినిమా రోజు నేను లేవలేకపోతే అత్త తన వంట, నీళ్ళ వంతు అన్నీ వదులుకుని నా ఎదురుగా కూర్చుంది. మధ్యమధ్యలో జోకులు వేసింది. ఒక్కటీ బాగాలేదు.

ఈసారి ఆ గది ముందు నిలబడి తాళం చూసి "థ్రిల్లరే గదే, ఇంటికి పోదాం" అంది. పోయింది.

నమోదు 3

దాలమ్మత్త పనికి రావడం మానేసింది. పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను.

ఉప్పు తుడిచే వేళ. మేడల్లో తెల్లారితే అందరి పనీ అదే కదా. కింద నీళ్ళు మేడని నాకుతూ ఉంటే గోడల మీద ఉప్పు పూస్తుంది. సాయంత్రం బొమ్మ మసకబారకుండా తడిగుడ్డ పెట్టి తుడవాలి. నడవా పొడుగునా తలుపులు తీసి అందరూ గోడలు రుద్దుతున్నారు. అత్త తలుపు వేసి ఉంది. నేను తట్టలేదు. పేరు పెట్టి పిలిచాను.

"రాయే గుంటా. తిన్నావేటి?"

ఆమె మంచం అంచు మీద కూర్చుని ఉంది. బాగా ముందుకి. మోకాళ్ళ మీద మోచేతులు. ముఖం కళగానే ఉంది. అది చూసి ముందు నాకు కోపం వచ్చింది. హాయిగా కూర్చుని పని ఎగ్గొడుతోందని.

"నువ్వేటత్తా రాట్లేదు? ఒంట్లో బానేదా?"

"బానే ఉన్నాను. ఇంట్లో పనెక్కువైపోనాది. ఇద్దరికి ఒండాల గదే."

"ఇద్దరేటి? ఎవలొచ్చినారు?"

నేనేదో అనకూడని మాట అన్నట్టు చూసింది. గొంతు తగ్గించింది.

"ఎవలేటి ఎవలు? అలగడగకే. బాగోదు."

మంచం మీద ఆమె పక్కన కూర్చోబోయాను. మామూలుగా కూర్చుంటే గోడకి వీపు తగులుతుంది. ఆమె నా మోచెయ్యి పట్టుకుని లాగింది.

"ముందుకి కూకో. ఎనక సోటొగ్గు."

అప్పుడు గోడ చూశాను. ఎన్నాళ్ళ నుంచి తుడవలేదో, ఉప్పు దూదిలా పూసి ఉంది. మంచం వెనక మాత్రం ఒకచోట లేదు. కూర్చున్న మనిషి వీపు ఎంత ఉంటుందో అంత మేర గోడ నున్నగా, శుభ్రంగా ఉంది. పైన తల ఆనేచోట ఇంకొంచెం. అరిగి ఉంది. అత్త పొట్టిది. ఆ తల ఆనినచోటు ఆమెకి చాలా పైన ఉంది.

"అత్తా, నువ్వు గోడకి జేరబడతన్నావేటి?"

"నానా?" అని నవ్వింది. "నానెక్కడ జేరబడతానే. సోటేదీ?"

తడిగుడ్డ తెచ్చి గోడంతా తుడిచాను. ఉన్న ఉప్పంతా తీసేశాను. ఆ నున్నటి చోటుకీ మిగతా గోడకీ తేడా తెలియకుండా చేశాను. తుడుస్తున్నంతసేపూ అత్త నన్నే చూసింది. చివరికి, వంట చెడగొడుతున్న పిల్లని చూసినట్టు, "కట్టపడిపోతన్నావే. రేపొద్దున మల్లీ తుడాల" అంది.

ఆమెని తేరుకునే గదిలో కూర్చోబెట్టాలి. వెచ్చటి గోడకి ఆ వీపు ఆనాలి. నేను ఎదురుగా కూర్చుంటాను, ఎన్ని పూటలైనా. దానికి మీ నల్ల ముద్ర కావాలి.

నమోదు 4

సూపర్‌వైజరు భానుమూర్తి గారి గదికి వెళ్ళాను. ఒక చెక్క కుర్చీ కింద నుంచి పీకి పట్టుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను.

"ఏవిటిది?"

"మీదే. మీకే ఇచ్చేద్దామని."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. కాదనలేదు, అది ఒప్పుకోవాలి.

"కూర్చో, పైడితల్లీ."

"నిలబడతానండి. కుర్చీలంటే నమ్మకం పోయింది."

"చూడమ్మా, మగ్గం ఈ మధ్య అల్లినవన్నీ నల్ల ముద్రలే తెచ్చుకున్నాయి. మరి సాయంత్రాలు గోడ మీద ఏం వెయ్యను? గోడ చీకటిగా ఉంటే జనం దాని ముందు కూర్చోరు. కిటికీల దగ్గరికి వెళతారు. కిటికీలోంచి ఏం కనిపిస్తుందో నీకు తెలుసు. నీళ్ళు ఎన్నో అంతస్తు దాకా వచ్చాయో వాళ్ళు లెక్కపెట్టడం మొదలుపెడితే, ఆ భయం ముందు నీ హారరు ఎంత?"

"అందుకని హారరుని ఇళ్ళలోకి తోలేస్తారా?"

"అది హారరని ఎవరన్నారు? చెప్పు. ఒక దెయ్యాన్ని చూపించు అందులో. ఒక శవాన్ని చూపించు. ఒకావిడ అన్నం పెడుతుంది. అంతేగా?"

"ఎవరికి పెడుతుందండి?"

"అదే కదా సస్పెన్సు!"

"సస్పెన్సైతే ఆవిడ అడగాలి. 'ఎవడ్రా నువ్వు' అనాలి. తలుపు తొయ్యాలి, పోలీసుని పిలవాలి, పారిపోవాలి. ఆవిడ అడగదు. గీత అక్కడే పడిందండి. అడిగితే థ్రిల్లరు. అడగడం మానేస్తే హారరు. దాలమ్మత్త ఇప్పుడు అడగడం మానేసింది."

ఆయన చెక్కని బల్ల పక్కకి జరిపారు. తరవాత చట్టం చెప్పారు. చట్టం ప్రకారం మాట చెల్లదట, కుర్చీ చెప్పిందే చెల్లుతుందట. కుర్చీని మెడ పట్టి ముందుకి వంచి, చూశావా అది తల ఊపింది అంటే అది చట్టమా? ఆ మాటే అడిగాను. గట్టిగానే అడిగాను, బయట గుమాస్తాలు తలలు ఎత్తారు.

ఇంకో సంగతి కూడా చెప్పాను, ఇక్కడా రాస్తాను. మగ్గం మా కుర్చీల నుంచే నేర్చుకుంటుంది. మేం ఎక్కడ వంగామో, ఎక్కడ ఒరిగామో చూసి తరవాతి సినిమా అల్లుతుంది. చెక్కలు పెట్టాక అది ఏం నేర్చుకుని ఉంటుంది? ఈ మనుషులు ఎంత భయపెట్టినా ముందుకే వస్తారని. వీళ్ళ వీపు వెనక ఎప్పుడూ కొంచెం చోటు ఖాళీగా ఉంటుందని. 'వెనక వాటా' తరవాత మాకు వచ్చిన సినిమాలు మీరు చూశారా? అన్నిట్లోనూ మనుషులు గోడలకి, కుర్చీలకి ఎడంగా, కొంచెం ముందుకి జరిగి కూర్చుంటున్నారు. ఎందుకో ఏ సినిమాలోనూ చెప్పరు.

చివరికి భానుమూర్తి గారు ఒక దారి చూపించారు. మళ్ళీచూపు. చూపరి పట్టుబడితే అదే సినిమా ఇంకోసారి వెయ్యాలి. కుర్చీ సరిచేసుకుని చూడొచ్చు. తూకం మారితే ముద్ర మారుతుంది.

"జంట లేకుండా కూర్చోకూడదని రూలుందండి. దాలమ్మత్త రాలేదు."

"ఒక్కసారికి నేను చూసీచూడనట్టు ఊరుకుంటాను. మధ్యాహ్నమేగా."

ఒప్పుకున్నాను. బయటికి వస్తూ వెనక్కి తిరిగి చూశాను. ఆయన నాతో మాట్లాడినంతసేపూ కుర్చీ అంచు మీదే కూర్చున్నారు. పెద్ద కుర్చీ, మెత్తటి దిండు, దానికి ఒక్కసారి జేరబడలేదు. మర్యాద కోసం అనుకున్నాను.

నమోదు 5

మళ్ళీచూపు రేపు. ఈలోగా మీ ప్రకటన నడవాలో అంటించారు. 'వెనక వాటా', శుక్రవారం సాయంత్రం, అన్ని గోడల మీదా.

పొద్దున అత్త ఇంటికి వెళ్ళాను. నేను తుడిచిన గోడ మీద ఒక్క రాత్రిలో కొత్త ఉప్పు పూసింది. అంతటా పూసింది. ఆ చోట తప్ప.

అత్త రెండు కంచాలు కడుగుతోంది. నాతో బాగానే మాట్లాడింది. నీళ్ళ వంతు గురించి, పైఅంతస్తు వాళ్ళ పొగరు గురించి. పెద్ద కంచం తుడిచి, తల తిప్పకుండా, చెయ్యి మాత్రం వెనక్కి చాచింది. ఎవరికో అందిస్తున్నట్టు. నేను లేచి ఆ కంచం అందుకున్నాను. నా కళ్ళ ముందు ఇంకేమీ జరగకూడదని అందుకున్నాను. అత్త నా వైపు చూసి, నేనేదో పొరపాటున పక్కింటి తలుపు తోసినట్టు, "నీకు కాదే" అంది.

బయటికి వస్తే నడవాలో ఆడపిల్లలు ఆడుతున్నారు. ఒకత్తి గోడకేసి తిరిగి నిలబడింది. మిగతావాళ్ళు పిల్లుల్లా వచ్చి వీపు తడుతున్నారు. "నానే!" "రా!" మా చూపరుల పిల్లలు మా దగ్గర చూసి నేర్చుకున్నారు, వాళ్ళ దగ్గర మేడంతా నేర్చుకుంది. ఇప్పుడు ఇది ప్రతి అంతస్తులోనూ ఆడే ఆట. పెద్దవాళ్ళూ సరదాకి ఆడుతున్నారు. చీకట్లో మెట్ల దగ్గర వీపు తడితే "రా" అనని మనిషి ఈ మేడల్లో లేడు.

శుక్రవారం సాయంత్రం ప్రతి గదిలో దీపాలు ఆర్పుకుని, గోడకేసి ముఖం పెట్టి, వీపు గాలికి వదిలి కూర్చుంటారు. ఆవిడ ఉత్త గోడని చూసి, బట్టలు ఆరేసి, లోపలికి వస్తుంది. అప్పుడు ఒక్కొక్కరి వీపు మీద ఒక చెయ్యి పడుతుంది. వాళ్ళేమంటారో చెప్పండి చూద్దాం.

నమోదు 6

మళ్ళీచూపు అయింది. పట్టపగలు. హాల్లో నేనొక్కదాన్నే. భానుమూర్తి గారు వెనక ద్వారం పక్కన, తూకం చూసే బల్ల దగ్గర కూర్చున్నారు.

నా కుర్చీ కింద చెక్కలు నేనే పీకాను. కుర్చీ కదలకుండా ఉందో లేదో ఊపి చూశాను. కూర్చుని వీపు వెన్నుబల్లకి ఆనించాను. ఆనింది. గట్టిగా, చల్లగా, మామూలు చెక్కలా. ఆ క్షణంలో ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

సినిమా నడిచింది. గిన్నెల చప్పుడు. దగ్గు. గడియ. కథ తెలుసు కాబట్టి ఏమీ కాదనుకున్నాను. నెత్తళ్ళ డబ్బా తెచ్చుకున్నాను కానీ మూత తియ్యలేదు. ఆవిడ బట్టల బుట్ట పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగింది. ఉత్త గోడ. నా ఒళ్ళు వెనక్కి ఒరిగింది. హమ్మయ్య, తూకంలో పడుతుంది, ఇక ముద్ర మారుతుంది అనుకున్నాను.

వెన్నుబల్ల తగల్లేదు.

మధ్యలో ఏదో ఉంది. చెక్క కాదు. గట్టిగా లేదు, మెత్తగా లేదు. రద్దీలో ఎవరి మీదికో ఒరిగితే ఎలా ఉంటుందో అలా ఉంది. నేను ఒరిగినకొద్దీ అది సర్దుకుని, నాకు చోటిచ్చి, నన్ను మొయ్యడం మొదలుపెట్టింది. కుర్చీ వెనక కాళ్ళు కిర్రుమన్నాయి.

నేను లేవలేదు. పళ్ళు బిగించి కూర్చున్నాను. నాకు ఆ ముద్ర కావాలి. తూకంలో నా వెనక్కి ఒరిగిన బరువు పడాలి. సినిమా అయ్యేదాకా దాని మీద ఒరిగే కూర్చున్నాను.

దీపాలు వెలిగాక తూకం బల్ల దగ్గరికి వెళ్ళాను. అంకెలు నేనే చదివాను. చదవడం నాకు ఎవరూ నేర్పలేదు, సినిమాల చివర వచ్చే పేర్ల మీద నేర్చుకున్నాను, కానీ నా బరువెంతో నాకు తెలుసు. వెనక కాళ్ళ మీద పడింది నా బరువు కాదు. ఇద్దరి బరువు.

"కుర్చీ చెడిపోయింది" అన్నారు భానుమూర్తి గారు.

"చెడిపోలేదండి. నేను లేచాక చూడండి, సున్నా చూపిస్తోంది."

"ఒక మనిషి కూర్చుంటే ఇద్దరి బరువు చూపిస్తే అది చెడిపోవడమే. ఈ తూకం చెల్లదు. పాత ముద్రే ఉంటుంది."

"ఇంకో మనిషి ఎవరని అడగరా?"

ఆయన మర్యాదగా నవ్వి కాగితాలు సర్దుకున్నారు. ఆ నవ్వు నాకు తెలుసు. దాలమ్మత్త ముఖం మీద చూశాను.

నెత్తళ్ళ డబ్బా కావాలని కింద పడేసి, తీసుకునే వంకతో వంగి ఆయన కుర్చీ కాళ్ళ కింద చూశాను. చెక్క లేదు. అన్ని కాళ్ళూ నేల మీదే ఉన్నాయి. అయినా ఆయన అంచు మీదే కూర్చున్నారు, వెనక చోటు వదిలి.

ఆయన ఈ సినిమా ఎక్కడ చూశారో, ఎవరితో చూశారో, ఎప్పుడు "రా" అన్నారో నాకు తెలీదు. మీలో ఇంకెంతమంది చూశారో కూడా తెలీదు. ఇది చదువుతున్న మీరు, ఒక్కసారి వెనక్కి జేరబడండి. కుర్చీ తగిలిందా?

నమోదు 7

ఇదే నా ఆఖరి నమోదు. తెల్లారింది. నడవాలో గోడలు రుద్దే చప్పుడు వినబడుతోంది. నేను కిటికీ వైపు తిరిగి, నేల మీద కూర్చుని రాస్తున్నాను. సముద్రం కనబడుతోంది. భానుమూర్తి గారు చెప్పినంత భయంగా ఏం లేదు. అది ఎదురుగా ఉంది. ఎంత పైకి వచ్చిందని అడగొచ్చు, ఎటు పోదామని అడగొచ్చు.

నాకు కావలసింది ఇది. 'వెనక వాటా'కి నల్ల ముద్ర వెయ్యండి. శుక్రవారం ఏ ఇంటి గోడ మీదా అది వెలగకూడదు. గోడ చీకటిగా ఉంటే ఉండనివ్వండి, జనం కిటికీలోంచి చూసుకుంటారు. హాల్లో ప్రతి కుర్చీ కింద చెక్క తీసెయ్యండి. తేరుకునే గది తాళం తీసి దాలమ్మత్తని లోపలికి పంపండి. ఎదురుగా నేను కూర్చుంటాను. ఆమె చెప్పిన జోకులే ఆమెకి చెబుతాను, బాగా లేకపోయినా.

బతిమాలడం లేదు. జవాబు రాకపోతే చూపరులు ఎవరూ ఇక మీ కుర్చీల్లో కూర్చోరు. అందరితో మాట్లాడాను. నేల మీద, గోడలకి వీపులు ఆనించి కూర్చుంటాం. మీ మగ్గం ఎవరిని చూసి అల్లుకుంటుందో అల్లుకోనివ్వండి.

జవాబు గురువారం మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేలోపు రావాలి. మండలి తరఫున కాదు, ఒక మనిషి సంతకంతో రావాలి. ఆ మనిషి వచ్చి నా ఎదురుగా నిలబడి చెప్పాలి. నా వెనక నుంచి ఎవరూ రావద్దు.

ఎందుకంటే, ఈ నమోదులో రెండో వాక్యం రాస్తుండగా నా వీపు మీద ఒక చెయ్యి పడింది. తలుపు గడియ నేనే పెట్టాను. ఎవరూ "నానే" అనలేదు. చెయ్యి తియ్యలేదు కూడా. తొందరేమీ లేనట్టు అలాగే ఉంది.

నోటిదాకా వచ్చిన మాటని పళ్ళ మధ్య పట్టుకుని ఇదంతా రాశాను. నేనింకా జవాబు చెప్పలేదు. గురువారం దాకా ఆపగలను.

ముందు మీరు చెప్పండి.

— పైడితల్లి, మూడో వరస